ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్ మా తమ్ముడితో కలిసి చూడొచ్చా? ముగింపు దగ్గర ఆగిపోయాను (స్పాయిలర్లు ఉన్నాయి)

చివరివరుస:

ఆండ్రూ హే తీసిన ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్ (2023) రాత్రి చూశాను. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ముగింపు కూడా చెప్పేస్తున్నాను.

ముందు నా సంగతి. మా తమ్ముడు గే. ఈమధ్యే చెప్పాడు. ఫోన్‌లో ఏదో కరెంటు బిల్లు గురించి మాట్లాడుతూ మధ్యలో చెప్పేశాడు. నేను "సరేరా, తిన్నావా?" అన్నాను. అంతకంటే ఏం అనాలో ఆ నిమిషంలో తోచలేదు. వాడు "తిన్నానక్కా" అన్నాడు. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. వచ్చే నెల నా దగ్గరికి వస్తున్నాడు. కలిసి ఒక సినిమా చూస్తే మాట్లాడుకోవడం సులువవుతుందేమో అని వెతుకుతుంటే ఇది దొరికింది, ముందు నేనొక్కదాన్నే చూద్దామని కూర్చున్నాను.

సగం వరకూ ప్రాణం పెట్టి చూశాను. లండన్‌లో దాదాపు ఖాళీగా ఉన్న ఒక పెద్ద టవర్, అందులో ఒంటరిగా స్క్రీన్‌ప్లే రాసుకునే ఆడమ్. పన్నెండేళ్ళు నిండకముందే వాళ్ళ అమ్మానాన్న కారు ప్రమాదంలో పోయారు. ఇప్పుడు పాత ఇంటి వైపు వెళ్తే ఇద్దరూ పోయిన వయసులోనే, ఏమీ జరగనట్టు అక్కడే కాపురం చేస్తుంటారు. కొడుకేమో వాళ్ళకంటే పెద్దవాడు. అమ్మతో తను గే అని చెప్పే సీన్‌లో ఆవిడ ముఖం చూస్తే నా ముఖమే చూసుకున్నట్టుంది.

ఇంకోపక్క అదే టవర్‌లో ఉండే హ్యారీతో ప్రేమ. ఆ ప్రేమే ఆడమ్‌ని మళ్ళీ మనిషిని చేస్తోంది అనుకుంటుండగా, హ్యారీ మొదటి రాత్రే చనిపోయాడని చివర్లో తెలుస్తుంది. మంచం మీద శవం, పక్కన ఆ రోజు తెచ్చిన విస్కీ సీసా.

నాకు కోపం వచ్చింది. ఏడుపు కాదు, కోపం. ఇంతసేపు ఆశ పెట్టి చివర్లో లాక్కోవడం ఎందుకు? ఇలాంటి ప్రేమ ఉన్న సినిమాలన్నీ చావుతోనే ముగియాలా? ఇది మా వాడికి చూపిస్తే, నీ బతుకూ ఇంతేనని అక్క చెప్తోంది అనుకోడూ? సినిమా బాగా తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతరీలు:

మీ కోపం న్యాయమైందండీ. అది మీ ఒక్కరి కోపం కూడా కాదు. దానికి చాలా చరిత్ర ఉంది.

హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా హేస్ కోడ్ అని ఒక నియమావళి గట్టిగా నడిచింది. చాలాకాలం అందులో ఇలాంటి ప్రేమ ప్రస్తావన కూడా నిషేధమే. 1961లో కాస్త సడలించారు. అప్పుడు పాత్రలు తెరమీదకి వచ్చాయి గానీ చాలావరకు చచ్చిపోవడానికే వచ్చాయి. వీటో రస్సో అనే అమెరికన్ రచయిత ది సెల్యులాయిడ్ క్లోజెట్ అని ఒక పుస్తకం రాశాడు, 1981లో మొదటిసారి వచ్చింది. ఏ సినిమాలో ఏ గే పాత్ర ఎలా చచ్చిపోయిందో ఆయన అందులో జాబితా వేశాడు. ఆత్మహత్య, హత్య, మళ్ళీ ఆత్మహత్య. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ఆ రస్సో కూడా 1990లో ఎయిడ్స్‌తో పోయాడు.

దీనికి ఎదురుతిరిగినవాళ్ళు లేకపోలేదు. ఇ. ఎం. ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు రచయిత 1914లోనే మారిస్ నవల పూర్తిచేశాడు. ఇద్దరు మగవాళ్ళు చివరికి కలిసి బతకాల్సిందే, కథలోనైనా బతకాల్సిందే అని పట్టుబట్టి రాశాడు. అలా రాసినందుకే ఆయన బతికుండగా దాన్ని అచ్చువేయలేకపోయాడు. ఆయన పోయాక 1971లో వచ్చింది. జేమ్స్ ఐవరీ దాన్ని 1987లో సినిమాగా తీశాడు.

కాబట్టి నా సలహా: తమ్ముడితో మొదటిసారి కూర్చుని చూసేది మారిస్ అవ్వాలి. చావులు వాడు ఈపాటికే చాలా చూసుంటాడు.

అర్ధరాత్రి_షో:

పాతరీలు గారు చెప్పిన చరిత్ర నూటికి నూరు శాతం నిజం. కానీ ఆ లెక్కలో ఈ సినిమాని కలపడానికి నాకు మనసొప్పదు. నేనూ గేనే, ఆడమ్ వయసువాణ్ణి. ఈ సినిమా నాకు ఎందుకంత కావాల్సిందయిందో చెప్తాను, కాస్త పొడుగైనా చదవండి.

ఇందులో తలుపుల్ని గమనించారా? మొత్తం కథంతా మూడు తలుపుల దగ్గర జరుగుతుంది.

మొదటిది ఆడమ్ చిన్నప్పటి గది తలుపు. నాన్నతో ఆడమ్ ఒంటరిగా కూర్చుని మాట్లాడే సీన్ గుర్తుందా? స్కూల్లో పిల్లలు ఏడిపిస్తే ఇంటికొచ్చి గదిలో ఏడ్చేవాడు. నాన్నకి వినబడేది. వినబడినా లోపలికి వచ్చేవాడు కాదు. తానే ఆ స్కూల్లో చదివుంటే తానూ నిన్ను ఏడిపించేవాళ్ళలో ఉండేవాణ్ణేమో అని కూడా ఆ నాన్న ఒప్పుకుంటాడు. అంత నిజాయితీగా మాట్లాడే తండ్రిని నేను తెరమీద చాలా తక్కువ చూశాను. నువ్వు ఏడుస్తున్నప్పుడు రాలేదు, క్షమించు అంటాడు. ఇప్పుడు దగ్గరకి తీసుకోవచ్చా అని అడుగుతాడు. నాన్నగా వేసిన జేమీ బెల్ ఆ మాటలన్నీ గొంతు పెంచకుండా అంటాడు. ఆడమ్‌గా వేసిన ఆండ్రూ స్కాట్ ముఖం అక్కడ పదేళ్ళ పిల్లాడి ముఖం అయిపోతుంది. మేకప్ లేదు, గ్రాఫిక్స్ లేవు, పెదవి ఒక పక్కకి వణుకుతుంది, అంతే.

రెండోది ఆడమ్ ఫ్లాట్ తలుపు. ఫైర్ అలారం మోగిన రాత్రి హ్యారీ తాగి, చేతిలో సీసాతో వచ్చి నిలబడతాడు. నవ్వుతూనే ఉంటాడు గానీ కళ్ళు బతిమాలుతుంటాయి. ఆడమ్ రానివ్వడు. అది దుర్మార్గమేం కాదు, నేనైనా రానివ్వను. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉన్నవాడికి తలుపు తట్టే మనిషే భయం. కానీ జరిగిందేమిటి? లోపల ఏడుస్తున్న మనిషిని వింటూ నాన్న బయట ఆగిపోయాడు. బయట ఏడుపు దిగమింగుకున్న మనిషిని చూస్తూ కొడుకు లోపల ఆగిపోయాడు. అదే పని, తరం మారింది.

మూడోది హ్యారీ ఫ్లాట్ తలుపు. సినిమా అంతా హ్యారీయే ఆడమ్ దగ్గరికి వస్తాడు. ఆడమ్ ఒక్కసారి కూడా కిందున్న హ్యారీ ఫ్లాట్‌కి వెళ్ళడు. చివర్లో, అమ్మానాన్నల దగ్గర సెలవు తీసుకున్నాక, మొదటిసారి తానే వెళ్ళి ఆ తలుపు తీస్తాడు. లోపల ఏముందో మీరు చూశారు. చనిపోయిన ఆ హ్యారీయే ఆత్మలా, భయపడుతూ ఎదురుగా నిలబడి ఉంటాడు, నన్నెవరూ వెతకలేదేంటని అడుగుతాడు. ఆడమ్ పారిపోడు. అతన్ని పైకి తీసుకెళ్ళి పడుకోబెట్టి వెనకనుంచి గట్టిగా పట్టుకుంటాడు. నాన్న తనకి ఆలస్యంగా ఇచ్చిందే తాను ఇంకొకరికి ఆలస్యంగా ఇస్తున్నాడు. శిక్ష అనుకోవడానికి నాకు ఇక్కడ ఏమీ కనిపించలేదు. ఒక మనిషి ఇంకొకర్ని పట్టుకోవడం నేర్చుకున్నాడు, ఆ నేర్చుకోవడానికి చాలా టైం పట్టింది, ఈలోపు ఒక ప్రాణం పోయింది. బాధ అక్కడుంది.

ఇక మీరు చెప్పిన అమ్మ సీన్. క్లెయిర్ ఫోయ్ పాత్ర మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ లోకం 1987లో ఆగిపోయింది. ఆ ఏడాది మొదట్లో బ్రిటన్ ప్రభుత్వం ఎయిడ్స్ గురించి ఇంటింటికీ కరపత్రం పంపింది. టీవీలో సమాధిరాయి మీద ఉలితో ఆ పేరు చెక్కే ప్రకటన వేసింది. ఆ తర్వాతి ఏడాది సెక్షన్ 28 అనే చట్టం వచ్చింది, స్కూళ్ళలో ఈ ప్రేమ గురించి మంచిగా చెప్పడానికి మాస్టార్లు జంకేవాళ్ళు. ఇంగ్లండ్‌లో అది పోయింది 2003లో. అలాంటి రోజుల్లో పోయిన తల్లికి, కొడుకు గే అని వినగానే గుర్తొచ్చేది జబ్బు, ఒంటరితనం. ఆవిడ దగ్గర వేరే సమాచారమే లేదు.

కొడుకు ఒంట్లోనూ అదే భయం గూడు కట్టుకుని ఉంది. ఎవరితోనైనా పడుకుంటే చచ్చిపోతానని కుర్రతనంలో నమ్మేవాణ్ణని హ్యారీతో చెప్తాడు. ఆ మాట రాసినవాడు ఆ వయసు దాటొచ్చినవాడే. ఆండ్రూ హే 1973లో పుట్టాడు. సినిమాలో ఆ అమ్మానాన్నల ఇల్లు సెట్ కాదు, క్రోయ్డన్ దగ్గర ఆయన చిన్నప్పుడు నిజంగా పెరిగిన ఇల్లు. కథకి మూలం టాయిచి యమాడా 1987లో రాసిన జపనీస్ నవల. అందులో హీరో విడాకులు తీసుకున్న మగవాడు, పొరుగున ఉండేది ఒక ఆడమనిషి. హే దాన్ని తన సొంత ఇంట్లోకి, తన సొంత భయంలోకి తెచ్చుకున్నాడు.

క్రిస్మస్ చెట్టు అలంకరించే సీన్ మళ్ళీ ఒక్కసారి పెట్టుకుని చూడండి. పెట్ షాప్ బాయ్స్ పాట వస్తుంటుంది, ఆల్వేస్ ఆన్ మై మైండ్. 1987 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో నంబర్ వన్ పాట అదే. ఆ అమ్మ చెట్టుకి బొమ్మలు కడుతూ చిన్నగా గొంతు కలుపుతుంది. కాసేపటికి కొడుకు వైపు చూస్తూ పాడుతుంది. సారీ అనే మాట ఆవిడ నోటికి రాదు. పాటలో ఉన్న సారీనే వాడుకుంటుంది.

ఒకటే మాట. మీరు "తిన్నావా" అని అడిగారు చూడండి, మా ఇంట్లో నేను చెప్పిన రోజు అది కూడా ఎవరూ అడగలేదు.

చివరివరుస:

క్రిస్మస్ చెట్టు సీన్ మళ్ళీ చూశాను. ఇంకేం రాయను దాని గురించి.

తలుపుల సంగతి ఒప్పుకుంటున్నాను. ఒక్కటి మాత్రం ఇంకా మింగుడుపడట్లేదు. హ్యారీ ఈ కాలం కుర్రాడు. చట్టం మారింది, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, వాళ్ళ ఇంట్లో ఎవరూ అతన్ని వెళ్ళగొట్టలేదు. మరి అతను ఎందుకు అంత ఒంటరిగా పోయాడు? ఆడమ్‌కంటే అతనికి కారణాలు తక్కువ కదా?

పేరొద్దు:

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి. ఈ ప్రశ్నకి మాత్రం జవాబు రాయాలనిపించింది.

హ్యారీ తన కుటుంబం గురించి చెప్పేది గుర్తు చేసుకోండి. గొడవలేం లేవు. తోబుట్టువుల పెళ్ళిళ్ళు, పిల్లలు, ఇంటి మధ్యలో వాళ్ళు ఉంటారు. తను మెల్లమెల్లగా అంచుకి జరిగిపోయాడు. ఎవరూ నెట్టలేదు. ఎవరూ లాగలేదు కూడా. వెళ్ళగొడితే కనీసం గొడవైనా జరుగుతుంది, ఎవరో ఒకరు మన వైపు మాట్లాడతారు. ఇలా జరిగిపోతే అడిగేవాళ్ళే ఉండరు.

నా మనిషి పోయి కొన్నేళ్ళయింది. బండి ప్రమాదం. వాళ్ళింట్లో నన్ను బాగానే చూసేవాళ్ళు, రూమ్‌మేట్‌గా. ఆసుపత్రిలో లోపలికి ఎవరు వెళ్ళాలి అన్నప్పుడు నా పేరు ఎవరికీ తట్టలేదు. వరండాలో నిలబడి ఉంటే వాళ్ళ మేనమామ వచ్చి నా భుజం తట్టి, బాబూ నువ్వు వెళ్ళి రెస్ట్ తీసుకో, నీకేం సంబంధం, ఇక్కడ మేమున్నాం కదా అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. అంత్యక్రియల్లో వెనక నిలబడ్డాను. వచ్చినవాళ్ళు అందరి చేతులూ పట్టుకుని ఓదార్చారు, నా దగ్గరికొచ్చేసరికి పార్కింగ్ ఎక్కడ అని అడిగారు.

అందుకే నాకు టామ్ ఫోర్డ్ తీసిన ఎ సింగిల్ మ్యాన్ (2009) మొదటి ఇరవై నిమిషాలు చాలు. కథ 1962లో, లాస్ ఏంజిలిస్. పదహారేళ్ళు కలిసి బతికిన జిమ్ కారు ప్రమాదంలో పోయాడని జార్జ్‌కి ఫోన్ వస్తుంది. ఫోన్ చేసింది జిమ్ దాయాది, అదీ ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా. అంత్యక్రియలు ఎప్పుడు అని జార్జ్ అడుగుతాడు. కుటుంబానికి మాత్రమేనండీ అంటాడు అవతలివాడు. జార్జ్‌గా వేసిన కాలిన్ ఫిర్త్ ఏం చేస్తాడో చూడండి. ఏడవడు. గొంతు సర్దుకుని, మర్యాదగా, కుక్కల గురించి అడుగుతాడు. జిమ్‌తో పాటు వాళ్ళ రెండు కుక్కలూ ఉన్నాయి. థాంక్స్ చెప్పి ఫోన్ పెడతాడు. ఏడవడానికి కూడా ఎవరో ఒకరు, నీకు ఆ హక్కు ఉంది అని ఒప్పుకోవాలి. ఆ ఫోన్‌లో అది దొరకలేదు. తర్వాత వానలో స్నేహితురాలి ఇంటికి పరుగెత్తేదాకా అతని ఒంట్లోంచి శబ్దం రాదు.

నా మనిషి తరఫువాళ్ళు వచ్చి బట్టలు, ల్యాప్‌టాప్, సర్టిఫికెట్లు అన్నీ సర్దుకుని వెళ్ళారు. వెనక కూర్చునేటప్పుడు తను పెట్టుకునే హెల్మెట్ తలుపు వెనక మేకుకి ఉండిపోయింది, నాదనుకున్నారు. దాని పట్టీ తన గడ్డానికి సరిపోయేలా బిగించి ఉంది. క్లిప్ దగ్గర బట్ట మాసి, అరిగి నున్నగా అయిపోయింది. అది నా గడ్డానికి పట్టదు. వదులు చేయను.

బ్రోక్‌బ్యాక్ మౌంటెన్‌లో చొక్కాల సీన్‌కి జనం ఎందుకు ఏడుస్తారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందులో ప్రేమికులు జాక్, ఎన్నిస్. జాక్ పోయాక అతని గదిలో, బీరువా మూలలో, జాక్ చొక్కా లోపల ఎన్నిస్ చొక్కా దూర్చి ఒకే హ్యాంగర్‌కి ఉంటుంది. చివర్లో ఎన్నిస్ దగ్గర అవే చొక్కాలు, కానీ ఈసారి ఎన్నిస్‌ది పైన, జాక్‌ది లోపల. మాట్లాడకుండా మార్చేశాడు. సాక్ష్యం ఎవరూ అడగని ప్రేమకి మిగిలేవి ఇలాంటి వస్తువులే.

అమ్మా, మీరు తమ్ముడికి ఏ సినిమా చూపించినా పర్లేదు. రేపు వాడికి ఒక మనిషి ఉంటే, అతని పేరు అడగండి. ఫోన్ నంబరు తీసుకుని సేవ్ చేసుకోండి.

పాతరీలు:

పేరొద్దు గారూ, ఏమనాలో తెలియట్లేదు. రాసినందుకు నమస్కారం.

రైలుకూత:

అందరూ చదివి లేచేలోపు ఒక విషయం కలపాలి, ఎందుకంటే ఈ సినిమాకి ఒక అన్న ఉన్నాడు, ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఇదే దర్శకుడు 2011లో తీసిన వీకెండ్.

ఊరు నాటింగ్‌హామ్. స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌గార్డ్‌గా చేసే రస్సెల్, ఆర్ట్ ప్రాజెక్ట్ అంటూ చేతిలో టేప్ రికార్డర్ పట్టుకుని తిరిగే గ్లెన్. శుక్రవారం రాత్రి కలుస్తారు, ఆదివారం గ్లెన్ అమెరికా వెళ్ళిపోవాలి. ఎవరూ చావరు. అయినా స్టేషన్‌లో విడిపోయేటప్పుడు మనకి అదే బరువు. రైళ్ళ శబ్దంలో వాళ్ళ మాటలు సగం మనకి వినబడనే వినబడవు. అది వాళ్ళిద్దరికే వదిలేశాడు దర్శకుడు, ఆ మర్యాద నాకు చాలా ఇష్టం.

సాన్నిహిత్యం అంటే ఏంటో ఈ సినిమా చూస్తే తెలుస్తుంది. పడక సీన్లు ఉన్నాయి, దాచలేదు. కానీ నాకు గుర్తుండిపోయింది పొద్దున్నే మంచం మీద కాఫీతో కూర్చుని, రాత్రి ఏం జరిగిందో రికార్డర్‌లో చెప్పమని గ్లెన్ అడిగినప్పుడు రస్సెల్ సిగ్గుతో దుప్పటి సర్దుకోవడం. ఒళ్ళు చూపించడానికి పడని ఇబ్బంది మాట చెప్పడానికి పడతాడు.

అసలు విషయం ఇది. రస్సెల్‌కి అమ్మానాన్న లేరు, అనాథగా వేరేవాళ్ళ ఇళ్ళలో పెరిగాడు. నేను గే అని చెప్పుకోవడానికి తండ్రే లేడు. అప్పుడు మంచం మీద పడుకుని గ్లెన్ అంటాడు, సరే, నేనే మీ నాన్ననుకో, నాతో చెప్పు. రస్సెల్ చెప్తాడు. గ్లెన్ తండ్రిలా జవాబిస్తాడు, నువ్వంటే నాకు అంతే ప్రేమ, నిన్ను చూస్తే గర్వంగా ఉంది అని. సినిమా మొత్తంలో ఒకటి రెండు నిమిషాల సీన్. పన్నెండేళ్ళ తర్వాత ఆ ఒక్క సీన్‌నే పట్టుకుని ఆండ్రూ హే ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్ మొత్తం తీశాడని నా నమ్మకం. లేని తండ్రితో చెప్పుకోవడం, ఆయన నోటి నుంచి ఆ మాట వినడం. అక్కడ ప్రేమికుడు తండ్రి వేషం వేశాడు, ఇక్కడ తండ్రే వచ్చాడు.

ఏడవడానికి తోడు ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే 120 బీట్స్ పర్ మినిట్ (2017). 1990ల మొదట్లో పారిస్‌లో ఎయిడ్స్ మందుల కోసం కొట్లాడిన యాక్ట్ అప్ కుర్రాళ్ళ కథ. తీసిన రోబిన్ కాంపియో ఆ ఉద్యమంలో ఉన్నవాడే. షాన్ పోయిన రాత్రి అతని తల్లి, ప్రేమికుడు నాతాన్ ఒకే ఇంట్లో ఉంటారు. స్నేహితులు ఒక్కొక్కరే వస్తారు, కూర్చుంటారు, పనులు పంచుకుంటారు. వరండాలో నిలబడు అని నాతాన్‌కి ఎవరూ చెప్పరు. పేరొద్దు గారు రాసింది చదివాక ఆ సీన్ నాకు ఇంకోలా కనిపిస్తోంది.

ఇక చివరివరుస గారికి, తమ్ముడితో చూడ్డానికి. నా ఓటు సబర్ బొండా. మరాఠీ సినిమా, రోహన్ కానవడే తీశాడు. 2025లో అమెరికాలోని సండాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వరల్డ్ సినిమా డ్రామా విభాగం గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది. మన దేశంలో థియేటర్లలోకి తెచ్చింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియానే. ముంబైలో ఉండే ఆనంద్ తండ్రి పోతే పదిరోజుల కర్మకి పల్లెకి వెళ్తాడు. అక్కడ చిన్ననాటి స్నేహితుడు బాల్యా. చావు ఉంది, కానీ అది మొదట్లో, అదీ తండ్రిది. ఆ దుఃఖం మధ్యలోనే ప్రేమ మొలుస్తుంది. అన్నిటికంటే ఆనంద్‌కి వాళ్ళ అమ్మ అండగా ఉన్న తీరు చూడండి. కొడుకు గురించి ఆవిడకి తెలుసు. దాని గురించి ఉపన్యాసాలేం ఇవ్వదు. పెళ్ళెప్పుడని చుట్టాలు వేధిస్తుంటే మధ్యలో తను నిలబడుతుంది. "సరేరా, తిన్నావా" అనే అక్కకి ఆవిడ బాగా నచ్చుతుంది.

ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్ సంగతి వాణ్ణే అడగండి. బహుశా ఎప్పుడో చూసేసి ఉంటాడు.

సబర్ బొండాలో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఉండదు. పురుగుల చప్పుడు, గాలి, దూరంగా మాటలు, అంతే. ఫ్యాన్ తగ్గించుకుని చూడండి.